ఖిలా వరంగల్ నుంచి మండీబజార్ దాకా తింటూ నడిపించడం ఎలా

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో దోస్తులు వస్తారు. వెయ్యి స్తంభాల గుడి చూస్తారు, భద్రకాళి అమ్మవారికి దండం పెట్టుకుంటారు, కోటలో తోరణం ముందు ఫొటో దిగుతారు, మధ్యాహ్నం హన్మకొండలో ఏదో ఏసీ హోటల్లో కూర్చుని బిర్యానీ తిని "వరంగల్ అయిపోయింది" అని రైలెక్కుతారు. ఆ బిర్యానీ వాళ్ల ఇంటి సందు చివర కూడా దొరుకుతుంది కదా! నాకు ఇది చాలా ఏళ్లు కడుపులో మంటగానే ఉండేది. అందుకే ఈ మధ్య ఎవరొచ్చినా ఒక సాయంత్రం ఖాళీ పెట్టించి, కోట దగ్గర మొదలుపెట్టి శివనగర్, అండర్ బ్రిడ్జి, స్టేషన్ రోడ్డు, చౌరస్తా మీదుగా మండీబజార్ దాకా నడిపిస్తున్నా. నాలుగైదు కిలోమీటర్లు, నాలుగు గంటలు, మధ్యలో ఆరేడు చోట్ల తిండి. మీ ఊరికి మీ వాళ్లొచ్చినప్పుడు మీరూ చేయొచ్చు, పెద్ద విద్యేం కాదు, కానీ కొన్ని దెబ్బలు తిన్నాక తెలిసిన సంగతులున్నాయి, అవి చెప్తా.

అన్నిటికన్నా ముందు ఒకటి. ఈ పనిలో కష్టమైంది తినకుండా ఆపడం. మొదటిసారి ఏమైందంటే, మధ్యకోటలో ఉండే మా పెద్దమ్మ ఇంట్లో సర్వప్పతో, అంటే బియ్యప్పిండితో చేసే కారం రొట్టెతో మొదలుపెట్టాం. ఆమె సర్వప్పతో ఊరుకుంటుందా, గారెలు కూడా వేసింది, "ఇంకొక్కటి బిడ్డా" అంటూ తలా నాలుగు వడ్డించింది, పైన గ్లాసు నిండా పాయసం. ఆరుగురిలో ఇద్దరు శివనగర్ దాటకముందే ఆటో ఎక్కి రూముకు పోయి పడుకున్నారు. మిగతావాళ్లు మండీబజార్ దాకా వచ్చారు గాని కబాబులను చూసి తల తిప్పుకున్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ముందురోజే చెప్పా, "పెద్దమ్మా, తలా పావు ముక్క, అంతే" అని. "ఇంటికొచ్చినోళ్లకు పావు ముక్క పెడతారా ఎవరన్నా, నలుగురూ ఏమనుకుంటరు?" అని అలిగింది. చివరికి రాజీ ఏమిటంటే, అక్కడ పావు ముక్క తిని, మిగతాది డబ్బాలో కట్టించుకుని పోవాలి. ఆమెకూ తృప్తి, మనకూ జాగా. ఎవరింట్లో తినిపించాలనుకున్నా ఈ మాట ముందే తెగ్గొట్టుకోండి.

ఎంతమందిని తీసుకెళ్లాలి? ఆరుగురు బాగుంటుంది, ఎనిమిది దాటితే వద్దు. బండి దగ్గర పదిమంది గుంపుగా నిలబడితే ఆయన రోజువారీ గిరాకీ రోడ్డు మీదే ఆగిపోతుంది, మీరు కథలు చెప్తుంటే ఆయనకు లోపల తిట్టుకోవడమే పని. పైగా ఆరుగురికైతే ఒక ప్లేటు ముగ్గురికి చొప్పున రెండు ప్లేట్లు తీసుకుంటే లెక్క సరిపోతుంది. ఈ ముగ్గురికో ప్లేటు పద్ధతి మొదట్లో కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, మనవాళ్లకు ఎంగిలి పట్టింపు ఉంటుంది కదా, అందుకే ఒక కవర్లో పేపర్ ప్లేట్లు, చెంచాలు వెంట ఉంచుకోండి. పంచి పెట్టేస్తే ఎవరికీ మాట్లాడే పని ఉండదు.

డబ్బుల సంగతి బయల్దేరకముందే తేల్చేయండి. తలా ఇంత అని ఒకరి దగ్గర పోగు చేసి, ఆ ఒక్కరే అన్ని చోట్లా ఇవ్వాలి. లేకపోతే ప్రతి బండి దగ్గరా "నేనిస్తా, లేదు నేనిస్తా" అని ఐదు నిమిషాల కుస్తీ. ఎంత పోగు చేయాలో నేను రాయను, ఇవాళ రాసింది వచ్చే పండక్కి మారిపోతుంది. ఫోన్‌తో కట్టడం దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది గాని, రోడ్డు పక్క గంపలో పండ్లమ్మే అవ్వల కోసం పది, ఇరవై నోట్లు జేబులో ఉండాలి.

ఇక వచ్చేవాళ్లను ముందే అడగాల్సినవి ఉన్నాయి, సిగ్గుపడకుండా అడగండి. పల్లీలు, నువ్వులు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మన సర్వప్పలో రెండూ ఉంటాయి, సకినాల్లో నువ్వులు లేకుండా ఉండవు. షుగర్ ఉన్నవాళ్లెవరు? మోకాళ్ల నొప్పులెవరికి? నీసు ఎవరు తింటారు, తినేవాళ్లలో ఎవరికి ఏ వారం? మనవాళ్లలో ఒకరికి సోమవారం, ఒకరికి శనివారం, ఒకరికి కార్తీకం మొత్తం. ఇది తెలుసుకోకుండా శనివారం సాయంత్రం మండీబజార్‌కు తీసుకెళ్తే సగం మంది నోరు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అనుభవం మీదే చెప్తున్నా.

కాలం విషయానికొస్తే దీపావళి తర్వాత నుంచి శివరాత్రి దాకా హాయిగా ఉంటుంది. ఎండాకాలం వరంగల్ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, ఐదున్నర లోపల బయటికి తీయకండి. చలికాలమైతే మూడున్నరకే కోటలో ఉండాలి, ఎందుకంటే పొద్దు తొందరగా వాలుతుంది, తోరణాలున్న ఆవరణకు టికెట్ తీసుకోవాలి, ఆ కౌంటర్ మూసేలోపు చేరాలి.

ఇంకో మాట, రెండు రోజుల ముందు అదే టైంకు ఒక్కరే ఒకసారి ఆ దారంతా నడిచి రండి. నిరుడు ఉన్న బండి ఈ ఏడాది ఉండకపోవచ్చు, రోడ్డు తవ్వి ఉండొచ్చు. ఏ బండి దగ్గర ఆపాలనుకుంటున్నారో ఆయనతో ఒక మాట చెప్పి పెట్టుకోండి, "అన్నా, ఎల్లుండి ఆరున్నరకు ఏడుగురం వస్తం, అప్పుడే తీసినవి కావాలె" అని. ఆయన ఉత్సాహపడి పక్కకు జరిగి జాగా కూడా ఇస్తాడు.

ఇప్పుడు దారి. మొదలు కోటలోనే పెట్టాలంటాను నేను, కొందరు దోస్తులు స్టేషన్ నుంచి కోటకు వెళ్లమంటారు, అది నాకు నచ్చదు. చీకట్లో కోటకు చేరి ఏం చూస్తారు, పైగా తిండి అంతా స్టేషన్ ఇవతలే ఉంది. ఆటోలో నేరుగా కోటకు వెళ్లండి, వెనక్కి నడవండి. ఆటో రాతికోట దర్వాజలోంచి వెళ్లేటప్పుడు ఒక విషయం చూపించండి, రోడ్డు నేరుగా పోదు, దర్వాజ లోపల మెలి తిరుగుతుంది. శత్రువు ఏనుగులతోనో గుర్రాలతోనో ఒక్క ఊపున దూసుకు రాకుండా కాకతీయులు కట్టిన పద్ధతి అది, ఇవాళ ఆ మెలికలోనే ఆటోవాళ్లు హారన్ కొట్టుకుంటూ తిరుగుతున్నారు. తిరిగి నడిచి వచ్చేటప్పుడు అక్కడే జాగ్రత్త, ఎదురుగా వచ్చే బండి కనబడదు, గుంపును ఒకరి వెనక ఒకరుగా గోడ పక్క నుంచి దాటించండి, ఆ మలుపులో ఫొటోలకు ఆపనివ్వకండి.

కోట కథ చెప్పడానికి పది నిమిషాలు చాలు. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో బలపడిన కోట, బయట మట్టికోట, లోపల రాతికోట, దాని చుట్టూ కందకం. నడుమ స్వయంభూ శివాలయం ఉండేది, దాని నాలుగు వైపులా నిలబెట్టినవే ఈ నాలుగు కీర్తి తోరణాలు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయింది, గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉన్నది ఇదే తోరణం అంటే చాలు, వచ్చినవాళ్లు జేబులోంచి ఏదో కాగితం తీసి పోల్చుకుంటారు. అక్కడి నుంచి ఖుష్ మహల్, ఏకశిల గుట్ట దగ్గరే. ఒరు కల్లు, అంటే ఒకే రాయి, ఆ గుట్ట పేరు మీదే ఓరుగల్లు అయిందని మన పెద్దలు చెప్పే మాట.

ఈ నడకకు బాగా పనికొచ్చే ముచ్చట ఇంకొకటుంది, దీన్ని మాత్రం వదలకండి. క్రీడాభిరామం అని పాత తెలుగు కావ్యం ఉంది, అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు దోస్తులు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. మధ్యలో పూటకూళ్ల ఇంట్లో భోజనం. ఒక్క రూకకు, అంటే అప్పటి నాణేనికి, సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపండ్లు, గడ్డపెరుగు! మనం ఇప్పుడు చేసేది అదే పని, అదే ఊళ్లో, ఆరేడు వందల ఏళ్ల తర్వాత. ఈ ముక్క చెప్పాక మా దోస్తు ఒకడు దారంతా "రూకకు ఏమొస్తది అన్నా?" అని ప్రతి బండివాడినీ అడుగుతూ వచ్చాడు.

సరే, సర్వప్ప. కొన్ని చోట్ల సర్వపిండి అంటారు, గిన్నప్ప అంటారు, తపాల చెక్క అని కూడా అంటారు, మా ఇంట్లో సర్వప్పే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లాకు, కారం, ఉప్పు వేసి కలిపి, సర్వ (లోతైన గుండ్రటి గిన్నె) లోపలి అడుగుకు, అంచులకు చేత్తో అద్దుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచుతారు. ఇందులో ఓపిక పెట్టాల్సింది రెండు వాయిల మధ్య, సర్వ చల్లారితే గాని మళ్లీ పిండి అద్దలేం, అందుకే పెద్దమ్మ దగ్గర రెండు సర్వలుంటాయి, ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్ల తొట్టి పక్కన. వచ్చినవాళ్లను వంటింటి గడప దాకా తీసుకెళ్లి ఇది చూపించండి, తినడం కన్నా ఇదే వాళ్లకు గుర్తుండిపోతుంది. పావు ముక్క, అడుగున ఎర్రగా కరకరలాడేది, పైన మెత్తగా, పక్కన గ్లాసు సల్ల, అంటే మజ్జిగ. కోటలో మీకు పెద్దమ్మ లేకపోతే తెలిసినవాళ్ల ద్వారా ఎవరింట్లోనైనా ముందురోజు చెప్పి చేయించుకోవచ్చు, పిండి, పల్లీల ఖర్చుతో పాటు ఆమె కష్టానికి కూడా డబ్బు ఇవ్వండి, మొహమాటానికి వదిలేయకండి.

అక్కడే నేనొక మాట చెప్తుంటా, ఇది నా ఊహే అనుకోండి. సర్వప్ప, సకినాలు, అరిసెలు, మన పండుగ తిండి చాలావరకు బియ్యప్పిండే. పాకాల, రామప్ప, లక్నవరం, కాకతీయుల కాలంలో తవ్విన ఈ చెరువుల కింద వరి పండింది కాబట్టే పండుగ పూట బియ్యప్పిండి తడిసింది. రోజువారీ మాత్రం మా తాతల కాలంలో జొన్న గట్క (జొన్న రవ్వతో వండే సంకటి), జొన్న రొట్టె. ఇప్పుడు తిరగబడింది, బియ్యం రోజువారీ అయింది, జొన్నరొట్టె స్పెషల్ అయి కూర్చుంది.

కోట దాటేటప్పుడు రోడ్డు పక్కన కాలాన్ని బట్టి ఏదో ఒకటి దొరుకుతుంది, ఇక్కడ మీ ప్లాన్‌ను పక్కన పెట్టి గంపలో ఏముంటే అది కొనండి. వానాకాలం మక్కకంకులు, బొగ్గుల మీద కాల్చి ఉప్పు, నిమ్మకాయ రుద్దినవి. దసరా, దీపావళి రోజుల్లో సీతాఫలాలు. సంక్రాంతికి రేగుపండ్లు. ఎండాకాలం ముంజలు, ఆ ముంజల కోసమైతే ఎండ కూడా భరించొచ్చు. ఇదంతా కడుపు నింపని తిండి, చేతులకు పని, కాళ్లకు నడక. ఎవరో ఒకరు తప్పకుండా కల్లు అడుగుతారు. కల్లు ఈ నడకలో పెట్టకండి. కల్లు పొద్దున్నే చెట్టు కింద తాగాల్సింది, పైగా తాగాక ఎవడూ నడవడు.

శివనగర్‌లో ఎక్కడా ఆగకండి. నడవండి, అరుగుతుంది.

అండర్ బ్రిడ్జి దాటి స్టేషన్ వైపు వచ్చాక చాయ్. ఇక్కడ పది నిమిషాలు కూర్చోబెట్టాలి, మోకాళ్ల నొప్పులవాళ్లు నోరు తెరిచి అడగరు, మీరే చూసుకోవాలి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. షుగర్ ఉన్నవాళ్లకు ఇరానీ చాయ్‌లో చక్కెర తక్కువ వేయించడం కుదరదు, ముందే కలిపి మరుగుతుంటుంది, వాళ్లకు విడిగా మామూలు చాయ్ చెప్పండి. కప్పు సగం చాలు, వన్ బై టూ చెప్పడానికి మొహమాటపడకండి, ఆ మాట తెలియని చాయ్ దుకాణం మన దగ్గర లేదు.

చౌరస్తాకు చేరేసరికి దీపాలు వెలుగుతాయి, జనం చిక్కబడతారు, మిర్చి బజ్జీల వాసన వస్తుంది. ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నా. ఏ బండో చెప్పను, గిరాకీ ఎక్కువుందని చూసి ఆపా, నూనె చూడలేదు, తెల్లారి ఇద్దరు ఫోన్ చేసి కడుపు నొప్పి అన్నారు. అప్పటి నుంచి ఎక్కడైనా సరే ముందు బాణలి వైపు చూస్తా. నూనె నల్లగా, చిక్కగా ఉండి పైన నురుగు కడుతుంటే, పొగ కళ్లలో మండుతుంటే పక్క బండికి పోవడమే. బజ్జీ నూనెలో వేయగానే పైకి తేలి చుట్టూ చురచురమని బుడగలు రావాలి, అడుగున కూర్చుందంటే నూనె కాగలేదు, అది నూనె పీల్చుకుంటుంది. ముందే వేసి గుట్టగా పోసినవి వద్దు, కళ్ల ముందు తీసినవి అడగండి. మన బజ్జీలో మిర్చిని చీరి వాము, చింతపండు ముద్ద పెడతారు, పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. ఇద్దరికి ఒకటి. ఒకటే! ఇక్కడే అందరూ జారిపోతారు, "ఇంకో ప్లేటు చెప్పు భాయ్" అంటారు, మీరు వినబడనట్టు ముందుకు నడవాలి.

బజ్జీ తిన్నాక కారం దిగేలోపు పాత కిరాణా బజారు వైపు ఒక చుట్టు తిప్పండి, తిండి ఏం లేదు, వాసనకే. పసుపు, ధనియాలు, చింతపండు, ఎండుమిర్చి బస్తాలు. హైదరాబాద్ వాళ్లు రెండు తుమ్ములు తుమ్మితే గాని బయటికి రారు. చపాటా మిర్చి దొరికితే చూపించండి, ఉబ్బి, నిగనిగలాడే ఎరుపు, కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లకు దీన్నే వెతుక్కుంటారు. టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చినవాళ్లు కిలో, అరకిలో కొనుక్కుంటారు, కొనేముందు ఒక కాయ విరిచి చూడమనండి, లోపల బూజు ఉందేమో తెలిసిపోతుంది. రాశులు రాశులుగా చూడాలంటే మాత్రం ఎనుమాముల మార్కెట్‌కు పోవాలి, ఫిబ్రవరి, మార్చిలో ఆ ఎరుపు చూడాల్సిందే, కానీ అది నడిచే దూరం కాదు, పొద్దున పూట ఆటోలో వేరే పెట్టుకోండి. కొత్తవాడలో నేసే దరీల (నేల మీద పరిచే తివాచీల) సంగతీ అంతే. 2018లో జీఐ వచ్చిన వరంగల్ దరీలు అవే, కానీ మగ్గం ఆడుతుంటే చూడాలి గాని రాత్రిపూట తలుపులు చూసి ఏం లాభం.

చివరికి మండీబజార్. ఏడున్నర, ఎనిమిదికి చేరితే బాగుంటుంది. మసీదు దగ్గర నమాజు టైంకు గుంపుగా రోడ్డుకు అడ్డం నిలబడకుండా చూసుకోండి, మనుషుల మొహాల మీద ఫోన్ పెట్టి వీడియోలు తీయనివ్వకండి, అడిగితే చాలామంది నవ్వి ఒప్పుకుంటారు, అడగకపోతేనే గొడవ. ఇక్కడ కడుపులో సగం జాగా ఉండాలి, ఇప్పటిదాకా ఆపిందంతా దీని కోసమే. ముందు కబాబులు, నిప్పుల మీద నుంచి నేరుగా ప్లేట్లోకి, ఉల్లిగడ్డ, నిమ్మకాయతో. తర్వాత కావాలంటే ఒక ప్లేటు బిర్యానీ నలుగురికి. ఏ మాంసమో తెలియకపోతే నేరుగా అడగండి, "భాయ్, ఇది మటనేనా?" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు, ఉన్నది ఉన్నట్టు చెప్తారు. మీ గుంపులో పట్టింపున్నవాళ్ల కోసం ఆ ప్రశ్న మీరే వేయండి, వాళ్లతో వేయించకండి. నీసు తిననివాళ్లను మాత్రం ఇక్కడ మర్చిపోతుంటాం, వాళ్లు పాపం పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటారు. వాళ్లకు డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా ముందే చెప్పి పెట్టండి, తర్వాత అందరూ వాళ్ల గిన్నెలోనే చెంచా పెడతారు, అది వేరే సంగతి.

రంజాన్ నెలలో అయితే ఈ దారి మొత్తం మార్చాలి. సాయంత్రం ఇఫ్తార్ వేళ వాళ్లు ఉపవాసం విడిచే టైంలో మనం బండి మీద పడకూడదు, ఆగి రాత్రి తొమ్మిదికి రావాలి. అప్పుడు హలీం. గోధుమలు, పప్పులు, మటన్ గంటల తరబడి ఉడికించి కర్రలతో మెదిపి మెదిపి చేసేది, ఇది తిన్నాక ఇంకేమీ తినలేం, కాబట్టి ఆ నెలలో చౌరస్తా బజ్జీలు కట్. పెద్దమ్మ సర్వప్ప కూడా డబ్బాలోనే పోతుంది. ఆమెకు ఆ ఒక్క నెల నా మీద కోపం, ఏం చేస్తాం.

ఊరెళ్లేవాళ్లకు సకినాలు కట్టించాలి కదా, అది మండీబజార్‌కు వెళ్లకముందే చౌరస్తా చుట్టుపక్కల పిండివంటల దుకాణంలో తీసుకోండి, రాత్రయ్యాక మూసేస్తారు. ఒకటి విరిచి చూడండి, చిన్న చప్పుడుతో పుటుక్కుమనాలి. వాము, నువ్వులు కంటికి కనబడాలి. నూనె వాసన ముక్కుకు కొడితే పాతవి. సంక్రాంతి ముందైతే తాజావి దొరుకుతాయి, మిగతా రోజుల్లో ఎప్పుడు చేశారో అడగండి. కవర్లో కాకుండా గట్టి డబ్బాలో పెట్టించి, ఆ డబ్బాను బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టమని చెప్పండి. మా బెంగళూరు దోస్తు అడుగున పెట్టి తీసుకెళ్లి, పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, మీరు పంపిన పిండి బాగుంది" అన్నాడు.